మన గాలికి లెక్క ఉన్నదా?

(డయాసిస్ శతాబ్ది మహోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సంఘము వారు మాకు ఇచ్చిన అంశము కోనసీమ పర్యావరణము, మన బాధ్యత అనునది. అది చాల పెద్ద అంశము. నీరు ఉన్నది, నేల ఉన్నది, సముద్రపు కోత ఉన్నది, రొయ్యల చెరువులు ఉన్నవి. అన్నిటిని ఒక గంటలో తడిమిన యెడల దేనికిని న్యాయము జరుగదు. కనుక ఈ దినము గాలిని మాత్రమే తీసికొనుచున్నాము. అందులోను, భూమి లోపలి నుండి గ్యాసును, చమురును తీయునప్పుడు మన గాలిలో ఏమి కలియుచున్నది, దానిని ఎవరు లెక్క చూచుచున్నారు అను రెండు ప్రశ్నలకే పరిమితము కాదలచినాము.

లెక్క అను మాట ఎందుకు అనగా, ఈ నూరు సంవత్సరములలో మన పెద్దలు మనకు అప్పగించిన వాటిలో రిజిస్టర్లు ముఖ్యమైనవి. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, భూస్థాపన రిజిస్టరు. తుఫానులు వచ్చినను, వరదలు వచ్చినను, పాస్టర్లు మారినను, ఆ పుస్తకములను ట్రంకు పెట్టెలలో పెట్టి కాపాడినారు. పొలములేని కూలివాని బిడ్డ పేరు ఊరిలో మరి ఏ కాగితము మీద లేకపోయినను మన రిజిస్టరులో ఉండెడిది. లెక్కలో ఉన్నవాడే మనిషిగా ఎంచబడునని వారు ఎరిగినవారు. ఆ దృష్టితోనే గాలి సంగతిని కూడ చూతము.

గ్యాసు వచ్చిన కాలము

ఆర్థర్ కాటన్ దొర గారి ఆధ్వర్యమున ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తి అయిన తరువాత ఈ సీమ రూపు మారినదని చిన్నపిల్లలకు కూడ తెలియును. అది పైనుండి వచ్చిన నీటి వలన కలిగిన మార్పు. రెండవ పెద్ద మార్పు భూమి క్రింది నుండి వచ్చినది. 1970 దశకము చివర ఓ.ఎన్.జి.సి. వారు గోదావరి డెల్టాలో నరసాపురము వైపు బావి త్రవ్వినారు. 1980 దశకములో రాజోలు, అమలాపురము ప్రాంతములలో రిగ్గులు నిలిచినవి. కొబ్బరి తోటల మధ్యను, వరిచేల మధ్యను కంచె వేసిన స్థలములు, వాటికి కొత్త రోడ్లు, వాటి నుండి నేల క్రింద పైపులైన్లు ఏర్పడినవి. తాటిపాకలో గ్యాసును శుద్ధిచేయు కేంద్రము, 2001లో ఏటికి 66,000 టన్నుల సామర్థ్యము గల చిన్న రిఫైనరీ కూడ వచ్చినవి.

ఈ గ్యాసు వలన మేలు కలుగలేదని మేము చెప్పుట లేదు. 1992 నుండి కాకినాడలో ఎరువు తయారైనది గ్యాసుతోనే. జేగురుపాడు, కొండపల్లి వంటి చోట్ల కరెంటు పుట్టినది గ్యాసుతోనే. మన సంఘములలో ఎన్నో కుటుంబములు ఆ పనుల మీద బ్రదికినవి. వంటింటి సంగతి కూడ ఒప్పుకొనవలెను. కొబ్బరి మట్టలు, కమ్మలు, డొక్కలు పొయ్యిలో పెట్టి గొట్టముతో ఊదుచు కళ్ళు ఎర్రబడిన తల్లులను మనము ఎరుగుదుము. ఏ బావి గ్యాసు అయిననేమి, గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత వారి ఊపిరికి కొంత విశ్రాంతి కలిగినది. ఇంటిలోని పొగ తగ్గినందుకు కృతజ్ఞత చెప్పు నోటితోనే, ఊరి మీది పొగ మాటేమిటి అని అడుగుట తప్పు కాదు.

మంట గొట్టము నుండి ఏమి వచ్చుచున్నది

బావి నుండి వచ్చు గ్యాసు శుద్ధముగా రాదు. దానితో నీరు వచ్చును, కండెన్సేటు అను పెట్రోలు వంటి తేలికపాటి చమురు వచ్చును. వాటిని విడదీయునప్పుడు, బావిని పరీక్షించునప్పుడు, ఒత్తిడి పెరిగినప్పుడు, గొట్టములో పంపుటకు వీలుకాని గ్యాసును ఎత్తైన గొట్టము చివర వెలిగించి కాల్చుదురు. రాత్రివేళ మనకు దూరమునుండి కనబడు ఎర్రని వెలుగు అదియే.

ఆ మంట పూర్తిగా కాలిన యెడల దాని నుండి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వచ్చును. కాని గాలి విసరుగా ఉన్నప్పుడు, గ్యాసులో చమురు తుంపరలు కలిసినప్పుడు అది పూర్తిగా కాలదు. అప్పుడు మసి వచ్చును, కార్బన్ మోనాక్సైడు వచ్చును, బెంజీను వంటి ఆవిరులు వచ్చును, కాలని మీథేను అట్లే ఆకాశములోనికి పోవును. మీథేను ఇరువది సంవత్సరముల కాలములో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మంట గొట్టము ఆరిపోయి గ్యాసు ఊరకే పోవుచున్నప్పుడు రాత్రి వెలుగు కూడ ఉండదు గనుక చూచువానికి మేలుగానే తోచును. నిజమునకు అది మంటకంటె చెడ్డది.

మసిలో కంటికి కనబడునది ముక్కులోను, గొంతులోను ఆగును. కనబడనిది లోపలికి పోవును. మన తల వెంట్రుక మందములో సుమారు ముప్పదవ వంతు ఉండు నలుసులు ఊపిరితిత్తుల చివరి గదుల వరకు పోయి, అక్కడినుండి రక్తములో కలియును. ఆయాసము, గుండెజబ్బు, పక్షవాతము వీటికి అట్టి నలుసులతో సంబంధము ఉన్నదని రుజువైనది. బయటి గాలి కాలుష్యము క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2013లో ప్రకటించినది. బెంజీను సంగతి అంతకు ముందే తెలిసినది.

పైరు సంగతి కూడ ఉన్నది. ఇంజన్ల నుండి, మంటల నుండి వచ్చు నైట్రోజను వాయువులు, చమురు ఆవిరులు ఎండలో కలిసి నేల దగ్గర ఓజోనుగా మారును. పై ఆకాశములో మనలను కాపాడు ఓజోనే, నేల మీద ఆకును బలహీనపరచి వరి, గోధుమల దిగుబడిని తగ్గించును. మంచుకాలములో మరియొక ఇబ్బంది కలదు. తెల్లవారుజామున నేల చల్లబడి, పైగాలి వెచ్చగా ఉండుట వలన పొగ పైకి పోలేక తోటల మధ్యనే నిలిచిపోవును. కార్తీకము మొదలు పుష్యము వరకు ముసలివారి దగ్గు పెరుగుటకు చలి ఒక్కటే కారణము కాదు.

పెద్ద మంటలు

కోనసీమవారు గ్యాసు అనగానే మొదట తలచుకొనునది పాశర్లపూడి. 1995 జనవరి 8న దేవర్లంక వద్ద పాశర్లపూడి 19వ బావి త్రవ్వుచుండగా లోపలి ఒత్తిడి అదుపు తప్పి గ్యాసు పైకి తన్నుకొని వచ్చి మంట అంటుకొన్నది. అరువది ఐదు దినములు, మార్చి 15 వరకు మండినది. చుట్టుప్రక్కల వారిని ఇళ్ళు ఖాళీ చేయించినారు. విదేశముల నుండి నిపుణులు వచ్చినారు. ఆ మంట రొద, ఆ రాత్రుల వెలుగు నేటికిని పెద్దలు చెప్పుచుందురు. ఆ రెండు నెలలు ఆ బావి నుండి గాలిలో కలిసినది ఎక్కడికి పోయినది, ఎవరి చేను మీద, ఎవరి చెరువులో పడినది అను ప్రశ్న మాత్రము మంటతోపాటే ఆరిపోయినది.

తరువాత నగరము. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలము నగరము గ్రామములో, తాటిపాక నుండి కొండపల్లి విద్యుత్ కేంద్రమునకు పోవు గెయిల్ వారి 18 అంగుళముల పైపులైను పగిలినది. కారిన గ్యాసు ఇండ్ల మధ్య పరచుకొన్నది. ఎక్కడనో నిప్పు రాజుకొనగానే ఊరు మండినది. ఇరువదిమందికి పైగా చనిపోయినారు. నిద్రలో ఉన్నవారు, పసిపిల్లలు అందులో ఉన్నారు. పొడి గ్యాసు పోవలసిన గొట్టములో నీరు, కండెన్సేటు కలిసిన గ్యాసు పోయినందున లోపల తుప్పు పట్టినదని తరువాత విచారణలలో బయటపడినది. వాసన వచ్చుచున్నదని తాము ముందే చెప్పినామని గ్రామస్థులు పత్రికలవారికి చెప్పినారు.

మరల 2026 జనవరిలో మలికిపురము మండలము ఇరుసుమండ వద్ద మోరి బావిలో మరమ్మతు పని జరుగుచుండగా గ్యాసు ఎగసి మంటలు లేచినవి. చుట్టుప్రక్కల గ్రామములవారు కట్టుబట్టలతో బయలుదేరవలసి వచ్చినది. కొన్ని దినములకు గాని మంట అదుపులోనికి రాలేదు.

ఇది మన ఒక్క సీమకే వచ్చిన కష్టము కాదు. అస్సాములో బాగ్‌జాన్ వద్ద 2020 మే 27న ఎగసిన బావి జూన్ 9న మంటలంటుకొని, నవంబరు 15న గాని ఆరలేదు. మంట అంటుకొనక ముందే కండెన్సేటు తుంపరలు గాలిలో కొట్టుకొని వచ్చి తేయాకు మీద, అరటి ఆకుల మీద, మాగురి బీలు అను పెద్ద చిత్తడి మడుగు మీద పడినవి. గాలిలో కలిసినది గాలిలోనే ఉండదు. అది తిరిగి ఆకు మీదికి, నీటిలోనికి, ముద్దలోనికి వచ్చునని బాగ్‌జాన్ వారు కన్నులార చూచినారు.

చిన్న మంట

పెద్ద మంట లేచినప్పుడు మంత్రులు వత్తురు, కలెక్టరు గారు వత్తురు, పత్రికలవారు వత్తురు. కాలిన ఇల్లు, మాడిన కొబ్బరి చెట్టు లెక్క వ్రాసి నష్టపరిహారము ఇత్తురు. అప్పుడు కూడ చెట్టు గలవానికి లెక్క ఉండును గాని, ఆ చెట్టు ఎక్కి దింపు తీసి బ్రదుకు కార్మికునికి, డొక్క ఒలుచు మనిషికి పోయిన పనిదినములకు లెక్క ఉండుట అరుదు. అయినను ఏదో ఒక లెక్క జరుగును.

దినదినము వెలుగు చిన్న మంటకు అట్టి లెక్క లేదు. గొట్టపు కీళ్ళ వద్ద చిన్నగా కారు గ్యాసుకు లేదు. తెల్లవారి గాలి తిరిగినప్పుడు వచ్చు కిరోసిను వంటి వాసనకు లేదు. గాలిని ఇరువది నాలుగు గంటలు కొలుచు యంత్రములు మన దేశములో ఎక్కువగా నగరములలోనే ఉన్నవి. బావులు ఉన్నవి మాత్రము పల్లెలలో.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. గ్రామములలో ఏది జరిగినను గ్యాసు మీదికి నెట్టు అలవాటు కొందరిలో కనబడుచున్నది. కొబ్బరి కాపు తగ్గిన మాట నిజమే. కాని 1996 నవంబరు 6 నాటి తుఫానులో లక్షలాది చెట్లు కూలినవి. తరువాత కాయను గిడసబార్చు నల్లి వచ్చినది. 2016 తరువాత సర్పిలాకార తెల్లదోమ వచ్చినది. ఆ దోమ విసర్జించు జిగట మీద నల్లని బూజు పట్టి, ఆకు మసి పూసినట్టుగా అగును. దానిని చూచి బావి పొగ అనుకొనువారు కలరు. చేపల చెరువుల ఉప్పు ఊట కూడ చెట్టు వేరును తాకుచున్నది. కొలత లేకుండ ఫలానా జబ్బు, ఫలానా నష్టము ఫలానా మంట వలననే అని చెప్పుట అబద్ధ సాక్ష్యము అగును.

ఆ న్యాయము రెండవ ప్రక్కకు కూడ వర్తించును. కొలత లేకుండ మీ గాలికి ఏ హానియు లేదు అని చెప్పుట కూడ అబద్ధ సాక్ష్యమే. పేదవాడు నిరూపించవలెను, పెద్దవాడు నోటిమాటగా కొట్టివేయవచ్చును అనునది ధర్మము కాదు. మంటను వెలిగించినవాడే దాని లెక్క చెప్పవలెను.

కెనడా దేశపు లెక్క

లెక్క ఎంత అవసరమో తెలిసికొనుటకు కొంత దూరము పోవలసి ఉన్నది. కోనసీమ బిడ్డలు ఎందరో ఈనాడు కెనడా దేశములో చదువుచున్నారు, పని చేయుచున్నారు. ఆ దేశపు అల్బర్టా రాష్ట్రములో అథబాస్కా నది ప్రాంతమున తారు ఇసుక నేలలు ఉన్నవి. అక్కడ చమురు మన బావులలో వలె పైకి రాదు. ఇసుకకు అంటుకొని తారు వలె గట్టిగా ఉండును. పెద్ద యంత్రములతో ఆ ఇసుకను త్రవ్వి వేడినీటితో కడుగుదురు, లేక భూమిలోనికి ఆవిరి పంపి కరగదీయుదురు. ఒక పీపా చమురు కొరకు సుమారు రెండు టన్నుల ఇసుక త్రవ్వవలెను. కడిగిన మురికినీరు చెరువులుగా నిలిచియుండును. వాటి నుండియు, గనుల నుండియు, శుద్ధి కర్మాగారముల నుండియు ఆవిరులు, మసి గాలిలో కలియును.

అక్కడ నివసించు క్రీ, డెనె అను ఆదివాసి ప్రజలు ఎంతో కాలముగా తమ గాలి, తమ నీరు, తమ చేపలు మారినవని మొరపెట్టుచున్నారు. 2009లో డేవిడ్ షిండ్లరు గారును ఆయన తోటి శాస్త్రజ్ఞులును మంచును పరీక్షించి, కర్మాగారముల చుట్టు 50 కిలోమీటర్ల మేర చమురు సంబంధమైన విషపదార్థములు మంచు మీద పడుచున్నవని చూపినారు. వసంతములో ఆ మంచు కరగి నదిలో కలియును. గాలిలోనిది నీటిలోనికి వచ్చు త్రోవ అక్కడ ఆ విధముగా ఉన్నది.

అంతకంటె ఆశ్చర్యమైన సంగతి 2024లో బయటపడినది. కెనడా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు కలిసి, 2018లో విమానము మీద యంత్రములు పెట్టి ఆ గనుల చుట్టు తిరిగి గాలిని కొలిచినారు. ఆ గాలిలోని కార్బను ఆవిరులు, కంపెనీలు తమ లెక్కలలో చూపినదానికంటె 20 నుండి 64 రెట్ల వరకు ఎక్కువగా ఉన్నవి. కంపెనీలు దొంగలెక్క వ్రాసినవని దీని అర్థము కాదు. కొన్ని రకముల ఆవిరులనే లెక్కపెట్టవలెనని నియమము ఉండెను. అవి మాత్రమే లెక్కపెట్టినారు. మిగిలినవి నియమములో లేవు గనుక కాగితము మీద లేవు. అక్కడి ప్రజల ముక్కులోనికి మాత్రము అవన్నియు పోయినవి.

మంట గొట్టముల సంగతి కూడ అట్టిదే. మంటలో నూటికి 98 పాళ్ళ మీథేను కాలిపోవునని లోకమంతట లెక్క కట్టుచుండిరి. అమెరికాలో విమానములతో కొలిచి 2022లో ప్రకటించిన పరిశోధనలో అది సుమారు 91 పాళ్ళే అని తేలినది. అనగా రెండు పాళ్ళు పోవుచున్నదనుకొన్నచోట తొమ్మిది పాళ్ళు పోవుచున్నది.

ధనిక దేశములలో, గట్టి చట్టములు ఉన్నచోట ఇట్లుండగా, మన లంకల మీది మంటను ఎవరును వచ్చి కొలువక ముందే అంతయు బాగున్నదని మనము ఎట్లు ఒప్పుకొందుము?

మనలో మనకు

ఈ మాటలు చెప్పుట సులభము. సంఘములో దీని గురించి మాట్లాడుట కష్టము. మేము సేవ చేసిన ఒక గ్రామములో ఇద్దరు సంఘ పెద్దలు ఉండిరి. ఒకరి కుమారుడు బావి వద్ద కాంట్రాక్టు పనిలో ఉండెను. రెండవవారి మనుమరాలికి ఉబ్బసము. సంఘ కూటములో గాలి మాట వచ్చినప్పుడు మొదటివారు, “అయ్యగారూ, కాగితము పెట్టిన మా అబ్బాయి పని పోదా?” అని అడిగినారు. రెండవవారు, “మీ అబ్బాయి పని కొరకు మా పాప ఊపిరి ఆగవలెనా, అన్నయ్యా?” అన్నారు. ఇద్దరును ఒకే బల్లలో పాలుపొందువారు. ఇద్దరి మాటయు నిజమే. చాలసేపు ఎవరును మాట్లాడలేదు.

వారిలో ఒకరిని గెలిపించుట పాస్టరు పని కాదని మేము ఎంచినాము. కాని ఒకటి గమనించినాము. ఆ కుమారుడు బావికి అందరికంటె దగ్గరగా పని చేయుచున్నాడు. గాలి చెడిన యెడల మొదట పీల్చువాడు అతడే. గొట్టము కారిన యెడల మొదట చిక్కుకొనువాడు అతడే. కనుక గాలిని కొలువుడని అడుగుట అతనికి విరోధము కాదు, అతని పక్షమే. ఈ మాట ఆ తండ్రికి నచ్చచెప్పుటకు మాకు మూడు మాసములు పట్టినది. తరువాత ఆ అర్జీ మీద మొదటి సంతకము ఆయనదే.

మరియొక సంగతి మొగమాటము లేకుండ చెప్పవలెను. బావి ఉన్న ఊళ్ళలో బడికి బల్లలు, వీధికి దీపములు, మంచినీటి యంత్రములు కంపెనీల సహాయముగా వచ్చుచున్నవి. అవి ప్రజలకు రావలసినవే, పుచ్చుకొనుట తప్పు కాదు. కాని ఫ్యాను ఇచ్చినారు గనుక గాలి సంగతి అడుగరాదు అను స్థితికి సంఘము రాకూడదు. కానుక పుచ్చుకొన్న చేతితో అర్జీ వ్రాయలేని దినమున ఆ కానుక ఖరీదు చాల ఎక్కువ అని తెలిసికొనవలెను.

వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ భాష నేర్పినప్పుడు రూవహ్ అను మాట చెప్పినారు. గ్రీకులో న్యూమా. ఆ రెండు మాటలకును గాలి, ఊపిరి, ఆత్మ అను మూడు అర్థములు కలవు. మన తెలుగులో కూడ ప్రాణవాయువు అనుచున్నాము. మంటి బొమ్మ మనిషి అయినది ఊపిరి వలననే. నీరు ఎవరి కుండలో వారు తెచ్చుకొనవచ్చును, అన్నము ఎవరి కంచములో వారు తినవచ్చును. గాలిని మాత్రము మనము అందరము ఒకరి తరువాత ఒకరము పీల్చుచున్నాము. అది ఏ ఒక్కని సొత్తును కాదు గనుక దానికి కాపలాదారుడు లేడు. ఎవరిదియు కానిదానిని కాయుట సంఘము పని.

మనము చేయవలసినది

మొదటిది, ప్రతి సంఘములో ఒక గాలి పుస్తకము ఉంచవలెను. బాప్తిస్మపు రిజిస్టరు ప్రక్కనే ఒక నోటుబుక్కు చాలును. వాసన వచ్చిన తేదీ, గంట, గాలి ఏ దిక్కునుండి వీచెను, మంట ఎంత సేపు ఎక్కువగా ఉండెను, పొగ నల్లగా ఉండెనా, ఎవరికి ఆయాసము వచ్చెను, ఆసుపత్రికి పోయిరా అని వ్రాయవలెను. చూచినదే వ్రాయవలెను, ఊహించినది వ్రాయరాదు. ఊరిలో చెత్త, ప్లాస్టిక్, గడ్డి కాల్చిన దినములను కూడ దాచక వ్రాయవలెను. మన పొగను దాచి ఇతరుల పొగను చూపిన లెక్కకు విలువ లేదు. ఈ పని యౌవనస్థుల సమాజము చేయగలదు. ఒక సంవత్సరము సక్రమముగా వ్రాసిన పుస్తకమును ఏ అధికారియు తేలికగా త్రోసివేయలేడు.

రెండవది, మనకున్న హక్కులను ఎరుగవలెను. గాలి కాలుష్య నివారణ చట్టము 1981లో వచ్చినది. కలుషితము కాని గాలి, నీరు జీవించు హక్కులో భాగమని సుప్రీము కోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పినది. మన దేశములో గాలిలోని సన్నని నలుసులకు ఏడాది సగటున ఘనమీటరుకు 40 మైక్రోగ్రాములు, బెంజీనుకు 5 మైక్రోగ్రాములు దాటరాదని 2009లో హద్దు పెట్టినారు. నలుసుల విషయములో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే. పర్యావరణ అనుమతి పొందిన పరిశ్రమ ఆ అనుమతి షరతులను ఎట్లు పాటించుచున్నదో ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వవలెనని 2006 నాటి నియమము. ఆ నివేదిక ప్రజలు చూడదగిన పత్రము. దానిని అడుగుడి. ఇవ్వని యెడల 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టుడి. మన కాలువగట్టు గ్రామముల మొర ఇప్పటికే జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు పోయినది గనుక ఇది మనకు చేతకాని పని అనుకొనవద్దు.

మూడవది, 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరు జిల్లాగా ఏర్పడినది. కలెక్టరు గారి కచ్చేరి ఇప్పుడు అమలాపురములోనే ఉన్నది. కాకినాడకు పోవలసిన పని లేదు. బావులు, శుద్ధి కేంద్రములు ఉన్న గ్రామములలో గాలిని నిరంతరము కొలుచు యంత్రములు పెట్టి, ఆ లెక్కలను పంచాయతీ కచ్చేరి గోడ మీద తెలుగులో వ్రాయించవలెనని మన డయాసిస్ పక్షముగా అర్జీ పంపవలెనని ఈ సభను కోరుచున్నాము. గొట్టముల తనిఖీ తేదీలు కూడ ఆ గోడ మీదనే ఉండవలెను. నగరము వంటి ఊరికి ఆ చిన్న కాగితము ఎంత మేలు చేసియుండెడిదో తలచుకొనుడి.

నాలుగవది, ప్రాణరక్షణ. బావి గ్యాసుకు వంటగ్యాసు వలె వాసన కలుపరు. వాసన రానంత మాత్రమున గ్యాసు లేదని అనుకొనరాదు. కిరోసిను, పెట్రోలు వంటి వాసన వచ్చిన యెడల అది కండెన్సేటు కావచ్చును. దాని ఆవిరి గాలికంటె బరువైనది. పల్లములలోను, బోదెలలోను, కాలువగట్ల క్రిందను నిలిచియుండును. అట్టివేళ పొయ్యి వెలిగించరాదు, లైటు స్విచ్చి వేయరాదు, తీయరాదు, బండి స్టార్టు చేయరాదు, బీడీ ముట్టించరాదు. గాలి వీచు దిక్కునకు అడ్డముగా నడచి, మెరకకు, గాలి వచ్చు వైపునకు పోయి, అక్కడినుండి 112కు ఫోను చేయవలెను. పైపులైను గుర్తు రాళ్ళ మీద ఉన్న నెంబరును ఈ వారమే వ్రాసికొని ఇంటి గోడకు అంటించుడి. మంచము పట్టినవారిని, వృద్ధులను ఎవరు ఎత్తికొని పోవలెనో ముందే ఏర్పాటు చేసికొనుడి. ఆదివార బడి పిల్లలకు ఇది పాఠముగా నేర్పవలెను.

ప్రియులారా, నూరు గొర్రెలు గల కాపరి కథ మనకందరికిని తెలిసినదే. ఆయన ప్రేమను గురించి ఎన్నో ప్రసంగములు విన్నాము. కాని ఒక గొర్రె తప్పిపోయినదని ఆయనకు ఎట్లు తెలిసినది? సాయంకాలము లెక్కపెట్టినాడు గనుక తెలిసినది. లెక్కపెట్టనివానికి తొంబది తొమ్మిదియు నూరుగానే కనబడును. అతనికి వెదకవలసిన పనియే ఉండదు.

మన ముందటివారు నూరు సంవత్సరములు మనుష్యుల లెక్క నమ్మకముగా వ్రాసినారు. రెండవ నూరేండ్లలో ఆ మనుష్యులు పీల్చు గాలి లెక్క కూడ వ్రాయుట మన వంతు. ఉత్సవము ముగిసి ఎవరి ఊళ్ళకు వారు పోయిన తరువాత, వచ్చు ఆదివారము ఆరాధన అయిన వెంటనే ఒక పుస్తకము కొని, మొదటి పుటలో తేదీ వేసి ప్రారంభించుడి.